కడపట వచ్చువాడు

ధ్యాన భాగములు: ఆదికాండము 33:12–17, సంఖ్యాకాండము 10:25, 12:9–16

ఫ్రాన్సు దేశమున పారిసు నగరమునకు నైరుతి దిక్కున రాంబుయే అను చిన్న పట్టణము కలదు. 2019వ సంవత్సరము ఆగస్టు మాసములో ఒకసారి, 2023వ సంవత్సరము ఆగస్టులో మరియొకసారి, ఆ పట్టణమునుండి ఆరువేలకు పైబడిన స్త్రీ పురుషులు సైకిళ్ల నెక్కి పడమటి దిక్కునకు బయలుదేరిరి. దేశపు పడమటి కొనయందలి బ్రెస్టు రేవువరకు వెళ్లి, మరల బయలుదేరిన చోటికి రావలెను. మొత్తము దూరము రమారమి 1200 కిలోమీటర్లు. తెలుగువారికి తెలియునట్లు చెప్పవలెననిన, హైదరాబాదు నుండి బెంగుళూరు వెళ్లి తిరిగి వచ్చినంత దూరము. ఎక్కువ మందికి ఇయ్యబడు గడువు 90 గంటలు. తినుటయు, నిద్రించుటయు, చెడిన చక్రమును బాగుచేసికొనుటయు ఆ గంటలలోనే జరుగవలెను. ఇది పందెము కాదు. మొదట వచ్చినవానికి కిరీటము లేదు, కడపట వచ్చినవానికి నింద లేదు. గడువులోపల చేరిన వారందరును సమానులే. నాలుగు సంవత్సరముల కొకసారి జరుగు ఈ యాత్రకు ఆ రెండు పర్యాయములును భారతదేశమునుండి వందలకొలది మంది వెళ్లిరి.

ఈ యాత్రకు పాత చరిత్ర కలదు. 1891లో ఈ మార్గము మొట్టమొదట పందెముగానే ఏర్పడెను. షార్ల్ టెర్రో అనునతడు నిద్ర లేకుండ 71 గంటల 22 నిమిషములలో ముగించి గెలిచెను. ఆ నాటి రోడ్లను, ఆ నాటి బరువైన సైకిళ్లను తలంచుకొనినయెడల అది చిన్న సంగతి కాదు. 1897లో ఇటలీ దేశమున కొందరు రోమా నగరమునుండి నేపుల్సు వరకు 230 కిలోమీటర్ల దూరమును సూర్యోదయ సూర్యాస్తమయముల నడుమ సైకిళ్లమీద దాటిరి. అట్టివారికి ఔడాక్సు అను పేరు వచ్చినది. లాటిను భాషలో ఆ మాటకు సాహసి యని అర్థము. 1904లో ఆన్రీ దెగ్రాంజ్ అను పత్రికా సంపాదకుడు ఈ పద్ధతిని ఫ్రాన్సులో ప్రవేశపెట్టెను. టూర్ ది ఫ్రాన్స్ అను జగత్ప్రసిద్ధమైన పందెమును అంతకు ఒక సంవత్సరము ముందు ఆరంభించినవాడును ఇతడే. పందెములో ఒకనినొకడు మించిపోవలెను. ఔడాక్సు యాత్రలోనో, అందరు ఒక్క గుంపుగా కలిసి పోవలెను. ముందు నాయకుడు పోవును. అతనిని దాటి పోవుటకు ఎవనికిని సెలవు లేదు. నేడు ఆ పద్ధతిలో నాయకుడు గంటకు 22.5 కిలోమీటర్ల వేగమును నిలుపుకొనుచు పోవును. భోజనమునకు అందరు కలిసి ఆగుదురు, నిద్రకు అందరు కలిసి ఆగుదురు. ఒకే మనుష్యుడు ఈ రెంటికిని కారకుడగుట ఆలోచింపదగినది. మనుష్య హృదయములో ఈ రెండు కోరికలును ప్రక్కప్రక్కనే కాపురముండును.

1921లో భేదాభిప్రాయములు కలిగినందున పారిసులోని ఔడాక్సు క్లబ్బువారు వేరొక పద్ధతిని కల్పించుకొనిరి. ఇందులో ఎవని వేగము వానిది. నియమించిన స్థలములలో కార్డుమీద ముద్ర వేయించుకొనుచు గడువులోపల చేరిన చాలును. నేటి రాంబుయే యాత్ర ఈ రెండవ జాతికి చెందినది. హైదరాబాదు మొదలైన మన పట్టణములనుండి జరుగు దూరపు యాత్రలును ఇట్టివే. వీటిలో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషములు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. నియమము ఎవని వేగము వానిదే యని చెప్పినను, అర్ధరాత్రివేళ జాతీయ రహదారిమీద లారీల వెలుగులు కన్నులలో పడుచుండగా ఒంటరిగా పోవుటకు ఎవరు ఇష్టపడుదురు? నలుగురైదుగురు జతకూడుదురు. గుంపు దానంతట అదే ఏర్పడును.

తెలుగు సంఘములకు సైకిలు క్రొత్త వస్తువు కాదు. ఒకటి రెండు తరముల వెనుక గ్రామ సంఘముల కాపరులలో అనేకులకు అదియే వాహనము. వెనుక క్యారియరుమీద బైబిలును కీర్తనల పుస్తకమును కట్టుకొని, ఒక్క ఆదివారముననే రెండు మూడు ఊళ్ల ఆరాధనలకు పోయినవారు కలరు. అయితే వారు ఒంటరిగా తొక్కిరి. గుంపుగా తొక్కుట వేరొక విద్య. అందులోని దీవెనయు వేరు, శోధనయు వేరు.

సమతల భూమిమీద సైకిలు తొక్కువానికి ప్రధాన శత్రువు దూరము కాదు, గాలి. వేగము హెచ్చినకొలది గాలి అడ్డు అంతకంటె త్వరగా హెచ్చును. ముందు పోవువాడు ఆ గాలిని చీల్చును. వాని చక్రమునకు ఒక మూర వెనుక పోవువాడు ఆ చాటున ఉండి, తన శ్రమలో పావు భాగము మొదలుకొని మూడవ వంతు వరకు తప్పించుకొనును. అందుచేత గుంపులో వంతులుండును. ముందున్నవాడు కొంతసేపు గాలిని భరించి, ప్రక్కకు తొలగి, మెల్లగా వెనుకకు జారి చివర చేరును, రెండవవాడు మొదటివాడగును. ఈలాగున పదిమంది కలిసినప్పుడు, వారిలో ఏ ఒక్కడును ఒంటరిగా నిలుపుకొనజాలని వేగమును అందరు నిలుపుకొందురు. ముందువాడు రోడ్డుమీది గుంటను చేతితో చూపును. రెండవవాడు తన వెనుకవానికి చూపును. ఆ సైగ చేతినుండి చేతికి చివరివరకు పోవును. కడపటివానికి ఆ గుంట కనబడదు. అతనికి కనబడునది తన ముందువాని వీపు మాత్రమే. ముందువాని వెనుక చక్రమునకు తన ముందు చక్రము తగిలినయెడల పడువాడు వెనుకవాడే గాని ముందువాడు కాడు. ఇంతగా ఒకనినొకడు నమ్ముకొని పోవు సహవాసము ఇతర ఆటలలో అరుదు.

సహవాసమును గూర్చి ప్రసంగించువారు సామాన్యముగా ఇచ్చటనే ఆగుదురు. అయితే గుంపు చివరను పోయినవానిని అడిగినయెడల అతడు వేరొక కథ చెప్పును.

మలుపునొద్ద ముందువాడు కొంచెము బ్రేకు పట్టును; రెండవవాడు మరికొంచెము పట్టును; పదియవవాడు దాదాపు నిలిచిపోవును. మలుపు దాటగానే ముందువాడు తన వేగమునకు తిరిగి వచ్చును. అప్పటికి పదియవవాడు ఇంకను మలుపులోనే యున్నాడు. నడుమ ఎడము ఏర్పడినది. గాలి చాటు పోయినది. ఆ ఎడమును పూడ్చుకొనుటకు అతడు ముందువానికంటె ఎక్కువ బలముతో తొక్కవలెను. దూరపు యాత్రలో ఇట్టి మలుపులు వందలకొలది. నేను దినమంతయు నిలకడగానే పోయితినని ముందువాడు చెప్పును; అతడు అబద్ధమాడుట లేదు. కడపటివాడు మాత్రము దినమంతయు తరుముకొనుచునే వచ్చెను. ఒకే గుంపు, ఒకే రోడ్డు, ఒకే వేగము. అయినను ఇద్దరు చేసిన ప్రయాణములు రెండు.

కొండ ఎక్కునప్పుడు సంగతి మరింత కఠినమగును. వేగము తగ్గుటచేత గాలి చాటు ఇంచుమించు పనిచేయదు. ఎవని బరువు వాడే మోయవలెను. రాంబుయే నుండి బ్రెస్టునకు పోయి వచ్చు మార్గములోని ఎక్కుడు అంతయు కూడినయెడల 11,000 మీటర్లకు తక్కువ ఉండదు. అది ఎవరెస్టు శిఖరపు ఎత్తును మించినది. గుంపులు చెదరునది ఇట్టి చోట్లనే. బలముగలవారు ముందుగా పైకి చేరి, సైకిళ్లు దిగి, నీళ్లు త్రాగి, అరటిపండ్లు తిని, నవ్వుచు మాటలాడుకొనుచు వెనుకవాని కొరకు కనిపెట్టుదురు. పావుగంటకు అతడు రొప్పుచు వచ్చును. వచ్చినాడు, ఇక పోవుదము అని అందరు లేతురు. వారు పావుగంటసేపు విశ్రమించిరి. అతనికి ఒక్క నిమిషము దొరకలేదు. ఎవరికి ఎక్కువ విశ్రాంతి అవసరమో వానికే అది లేకపోయెను. అయినను అతని కొరకు ఆగితిమని వారు యథార్థముగా నమ్ముదురు. చూచువారికిని అది దయగానే కనబడును. ఇంత మెత్తగా చేయబడు క్రూరత్వము మరియొకటి అరుదు. ఒకటి రెండు కొండల తరువాత ఆ వెనుకవాడు, మీరు పోవుడి, నేను మెల్లగా వచ్చెదను అనును. వారు ఆ మాటను అతని ఇష్టముగా ఎంచి సాగిపోవుదురు.

ఏశావు యాకోబునకు చూపిన దయలో ఇట్టి అపాయమే దాగియుండెను. ఇరువది సంవత్సరముల తరువాత అన్నదమ్ములు ఒకని మెడమీద ఒకడు పడి ఏడ్చి సమాధానపడిరి. కలిసి ప్రయాణమగుదమనియు తాను ముందు పోవుదుననియు ఏశావు పలికెను. అతనితో వచ్చినవారు 400 మంది పురుషులు. వారి వెంట చంటిపిల్లలున్నట్లు గ్రంథము చెప్పదు. యాకోబు తన పిల్లలు పసివారనియు, పాలిచ్చు గొఱ్ఱెలును పశువులును తనతో నున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినయెడల మంద చచ్చుననియు ప్రత్యుత్తరమిచ్చెను. తాను వాటికిని పిల్లలకును తగినట్లు మెల్లగా వచ్చెదననెను. మూలభాషలో ఇచ్చట రెగెల్ అను మాట రెండు మారులు కనబడును. దాని సాధారణార్థము పాదము. మంద పాదమును బట్టి, పిల్లల పాదమును బట్టి అని హెబ్రీ వాక్యపు తీరు. అనువదించువాడు నడక అనియో వేగము అనియో వ్రాయక తప్పదు, తెలుగున అదే సహజము. అయినను పాదము అను మాటను విడిచినప్పుడు ఏదో ఒకటి చేజారిపోవును. వేగమును గడియారముతో కొలువవచ్చును. పాదమైతే ఒక పిల్లవానిది. అది ఎంత దూరము నడువగలదో తెలిసికొనుటకు వంగి చూడవలెను.

ఇందునుబట్టి యాకోబును మరీ పొగడనక్కరలేదు. శేయీరునకు వచ్చెదనని అన్నకు మాట యిచ్చి, అతడు సుక్కోతునకు పోయి అచ్చట ఇల్లు కట్టుకొనెను. పిల్లల పాదములు అతనికి నిజమైన కారణమును ఆయెను, అనుకూలమైన సాకును ఆయెను. సంఘములలోను ఇది జరుగును. మార్పు ఇష్టములేని పెద్దలు, పాపము ముసలివారికి కష్టమగును అందురు. ఆ ముసలివారిని అడిగినవారుండరు. బలహీనుని పేరు చెప్పి నిలిచిపోవుట వేరు, బలహీనునితో కూడ నడచుట వేరు. మొదటిదానికి ఖర్చు లేదు.

ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి బయలుదేరిన తరువాత రెఫీదీములో అమాలేకీయులు వారిమీదికి వచ్చిరి. నిర్గమకాండము 17వ అధ్యాయములో చదువరి చూచునది కొండ శిఖరము: మోషే ఎత్తిన చేతులు, ఆ చేతులను ఆదుకొనిన అహరోను, హూరు. ఆదివార పాఠశాలలో పిల్లలకు చెప్పు కథ ఇదియే. అయితే అదే దినమును గూర్చి ద్వితీయోపదేశకాండము 25:17–18లో మోషే మరల తలంచునప్పుడు కొండను గూర్చి ఒక్క మాటయు చెప్పడు. గుంపు చివరను ఏమి జరిగెనో చెప్పును. ప్రజలు అలసి సొలసియుండగా, వెనుకబడినవారి మీద శత్రువు పడెను. ఇచ్చట వాడబడిన హెబ్రీ క్రియ తోక అను మాటనుండి పుట్టినది. తోకను నరికివేసెనని దాని భావము. నలువది సంవత్సరములు గడచిన తరువాత ఆ వృద్ధ నాయకుని మనస్సులో నిలిచియున్నది తన ఎత్తిన చేతులు కావు. తన వెనుక, తనకు కనబడని చోట, తెగిపోయిన తోక.

మూడవ రాత్రి సైకిలుమీద నున్నవానికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. నిద్రలేమిచేత అతనికి లేనివి కనబడును. రోడ్డు ప్రక్క చెట్టు మనుష్యునివలె తోచును. తొక్కుచునే కన్ను మూయును. రాంబుయే మార్గములో రోడ్డు గట్లమీదను కాలువల యంచులను తళుకు కాగితమువంటి పలుచని దుప్పటి కప్పుకొని పడియున్న దేహములు కానవచ్చును. ప్రక్కన ఒక మనిషి ఉండి ఏదో యొకటి మాటలాడుచున్నయెడల ఇట్టివాడు గట్టెక్కును. ఒంటరిగా విడువబడినయెడల అపాయము వానికి తెలియకయే వచ్చును. అమాలేకు ఎల్లప్పుడును తోకనే వెదకును.

క్రమము తెలిసిన సైకిలు గుంపులలో ఇందుకొక ఏర్పాటున్నది. అందరికిని వెనుక ఒకనిని నియమింతురు. మన దేశమందు గూడ వానిని స్వీప్ అని ఆంగ్ల నామముతోనే పిలుతురు; ఊడ్చుకొని వచ్చువాడని దాని భావము. వానికి ఒక్కటే ఆజ్ఞ: వాని వెనుక ఎవడును ఉండరాదు. ఎవడు ఆగినను వాడును ఆగవలెను. మిగులు ట్యూబు, గాలి పంపు, పనిముట్లు, కడుపు ఖాళీయైనవానికి కొంచెము తిండి వాని సంచిలోనుండును. అనుభవము లేనివారు ఈ పనికి గుంపులో బలహీనుని పెట్టుదురు, వాడు ఎట్లును వెనుకబడువాడే గదా యని. అది పెద్ద పొరపాటు. ఈ పని బలవంతునిది. ఒకని చక్రమును బాగుచేసి, అరగంట ఆలస్యముగా బయలుదేరి, అలసిన ఆ మనుష్యుని తన చాటున ఉంచుకొని, గాలినంతటిని తానొక్కడే భరించుచు వానిని గుంపునకు చేర్చవలెను. కాళ్లు వేగమును కోరుచుండగా మెల్లగా తొక్కుట బలవంతునికి చిన్న శ్రమ కాదు. పైగా వానిని చూచువారు లేరు.

సంఖ్యాకాండము 10వ అధ్యాయములో ఇశ్రాయేలీయుల ప్రయాణ క్రమము వ్రాయబడియున్నది. ముందు యూదా పాళెము. కడపట దాను పాళెము. రెండవ అధ్యాయములోని లెక్కలను ప్రక్కన పెట్టుకొని చూచినయెడల ఈ ఏర్పాటు బోధపడును. యూదా పాళెమువారు 186,400 మంది, అందరిలో అధికులు. వారి తరువాత అధిక సంఖ్యగలది దాను పాళెము, 157,600 మంది. తక్కిన రెండు పాళెములు నడుమనుండెను. అనగా బలములో రెండవదియైన పాళెము గుంపు తోకయందు నిలుపబడెను. రెఫీదీములో తోక తెగిన తరువాత సీనాయినుండి బయలుదేరునప్పుడు ఈ క్రమము వచ్చినదని గమనింపవలెను. దాను పాళెమునకు ఆ వచనములో ఇయ్యబడిన పేరు మెఅస్సేఫ్. సాధారణముగా దీనిని వెనుక కావలి యని అనువదింతురు. అది తప్పు కాదు. అయితే ఆ మాట కావలికాయుట యను ధాతువునుండి పుట్టినది కాదు. సమకూర్చుట, చేర్చుకొనుట అను ధాతువునుండి పుట్టినది. కోతకాలమున పనలను పోగుచేయుటకు వాడు మాటయు అదే. దాను పాళెమువారు కత్తులు పట్టుకొని వెనుకకు చూచుచు నడచినవారు మాత్రమే కారు. రాలిపోవుచున్న వారిని ఏరుకొనుచు నడచినవారు.

రెండు అధ్యాయముల తరువాత అదే ధాతువు మరల కనబడును. మిర్యాము మోషేకు విరోధముగా మాటలాడి, కుష్ఠముచేత కొట్టబడి, ఏడు దినములు పాళెము వెలుపల ఉండవలసి వచ్చెను. మిర్యాము తిరిగి చేర్చబడువరకు ప్రజలు ముందుకు సాగలేదని గ్రంథము తెలుపుచున్నది. చేర్చబడుట యని చెప్పిన ఆ మాట, దాను పాళెమునకు పేరైన ఆ మాట, ఒకే వేరునుండి వచ్చినవి. యుద్ధమునకు తగిన పురుషులే 603,550 మంది. వారి స్త్రీలు, పిల్లలు, మందలు వేరు. ఇంత జనాంగము ఒక్క వృద్ధురాలి కొరకు ఏడు దినములు ఆగెను. తొమ్మిదవ అధ్యాయము ప్రకారము మేఘము గుడారము మీదనుండి లేచుట ప్రయాణమునకు గురుతు. పండ్రెండవ అధ్యాయము 10వ వచనములో మేఘము గుడారము మీదనుండి తొలగినదని వ్రాయబడియున్నది. ఈ రెంటిని ఎంతవరకు జతపరుపవచ్చునో పండితులు వాదింతురు గాక. జనులు కదలలేదనుట మాత్రము వాదము లేని సంగతి.

ఆమె ఆలస్యము ఆమె దోషమువలన కలిగినదని మరువరాదు. ఇచ్చట సైకిలు యాత్రల నియమావళిలోని ఒక సంగతి జ్ఞాపకమునకు వచ్చును. ఒకడు గడువు దాటి ముద్ర వేయు స్థలమునకు వచ్చినప్పుడు, రోడ్డుమీద జరిగిన ప్రమాదములో ఒకరికి సహాయపడుటకు ఆగినందున ఆలస్యమైనదని తేలినయెడల, అచ్చటి అధికారి వానిని క్షమించి ముందుకు పోనియ్యవచ్చును. అయితే అలసట, ఆకలి, సాధన చాలకపోవుట, సైకిలును సరిగా చూచుకొనకపోవుట కారణములుగా ఎంచబడవు. నియమము న్యాయమైనదే. పరుల కొరకు ఆగినవానిని అది గౌరవించును. తన లోపముచేత వెనుకబడినవానికి అది ఏమియు చేయజాలదు. నియమము అంతవరకే పోగలదు. మిర్యాము ఆ రెండవ జాతిలోనిది. సాధన లేనివాని వంటిది కూడ కాదు. నాయకునికి విరోధముగా నోరు విప్పినది. ఆమె కొరకు ఆగినవాడును, ఆమె కొరకు మొఱ్ఱపెట్టినవాడును ఆ నాయకుడే. సంఘములో విధివశమున వెనుకబడినవారిని, అనగా రోగిని, విధవరాలిని, పని కొరకు దూరదేశము పోయినవాని భార్యను కనిపెట్టుట కష్టమైనను ఒప్పుకొనదగిన పని. స్వయంకృతమువలన వెనుకబడినవాని కొరకు, అందులోను మనలను నిందించినవాని కొరకు, ఎవరు ఏడు దినములు ఆగుదురు?

ఆగుటకు వెల యున్నది. దీనిని దాచి బోధించుట యథార్థత కాదు. 90 గంటల యాత్రలో తన వెనుకవాని కొరకు మూడు గంటలు ఆగినవాడు తానును గడువు దాటవచ్చును. నాలుగు సంవత్సరముల సాధన, విమానపు ఖర్చు, ఇంటివారు పెట్టుకొనిన ఆశ, అన్నియు ఆ మూడు గంటలలో పోవచ్చును. ఇద్దరును కలిసి పతకము లేకుండ ఇంటికి వచ్చెదరు. వెనుకవాడైనను తన వలన ఇతడు నష్టపడెనను భారమును మోయవలెను. మార్కు సువార్త 5వ అధ్యాయములో యాయీరు ఈ వెలను చెల్లించినవాడు. అతని కుమార్తె చావనైయున్నది. ఒక్కొక్క నిమిషము అతనికి లెక్కయే. త్రోవలో యేసు ఆగెను. పండ్రెండు సంవత్సరములనుండి వెనుక బడి, వెనుకనుండియే వచ్చి ముట్టిన స్త్రీ యెవరో తెలిసికొనువరకు ఆయన కదలలేదు. ఆమె స్వస్థత అప్పటికే కలిగినది. ఆయన మౌనముగా సాగిపోయినను ఆమెకు కొదువ లేకపోయెడిది. అయినను ఆమె తన సంగతి అంతయు చెప్పువరకు ఆయన నిలిచెను. ఆ మధ్యనే యాయీరు ఇంటినుండి మరణవార్త వచ్చెను. తరువాత జరిగిన సంగతి చదువరులెరుగుదురు. అయితే ఆ నిలువబడిన కొన్ని నిమిషములలో యాయీరునకు అది తెలియదు. అతడు ప్రక్కన నిలిచి, ఒక అపరిచితురాలి దీర్ఘమైన కథను వినవలసివచ్చెను. అతడు విసుగుకొనినట్లు ఎచ్చటను వ్రాయబడలేదు.

తొక్కనివారికిని ఇందులో పాలు కలదు. రాంబుయే యాత్ర సాగు ఆ నాలుగు దినములు మార్గములోని గ్రామముల ప్రజలు రాత్రింబగళ్లు తమ వాకిళ్లయందు బల్లలు వేసి, కాఫీయు నీళ్లును పలుచని అట్లును యాత్రికులకు పెట్టుదురు. ఒక గ్రామపు కుటుంబమువారు డబ్బు పుచ్చుకొనక, మీ ఊరు చేరిన తరువాత మాకొక పోస్టుకార్డు పంపుడని మాత్రమే అడుగుట ఆ యాత్రికులలో ప్రసిద్ధమైన సంగతి. ముందు పోయిన వడిగలవారికి ఆ కాఫీ అంతగా అక్కరలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు తూలుచు వచ్చు కడపటివారికి అది ప్రాణము. ఆ బల్లయొద్ద కునుకుపాట్లు పడుచు కూర్చున్న ఇల్లాలు ఎన్ని కిలోమీటర్లు తొక్కినది? బెసోరు వాగు దాటలేక అలసి నిలిచిన 200 మందిని గూర్చి దావీదు చేసిన నిర్ణయము (1 సమూయేలు 30) ఇట్టి ప్రశ్నకు జవాబు. యుద్ధమునకు పోయిన 400 మందిలో కొందరు, వీరికి పాలియ్యరాదనిరి. సామానునొద్ద నిలిచినవానికిని యుద్ధమునకు పోయినవానికిని సమభాగమని దావీదు తీర్పు చెప్పి, దానిని కట్టడగా చేసెను.

సమకూర్చువాడు అను ఆ పేరును దేవుడు తనకే పెట్టుకొనెను. యెషయా 52:12లో బబులోనునుండి తిరిగి వచ్చు ప్రజలకు యెహోవా ముందు నడుచునని చెప్పి, ఆ వెంటనే ఇశ్రాయేలు దేవుడు వారికి మెఅస్సేఫ్ అగునని ప్రవక్త పలికెను. ముందు నడచు దేవుని అందరు ఎరుగుదురు. మేఘస్తంభము, అగ్నిస్తంభము పిల్లలకును తెలిసినవి. ఆయన తోకయందును ఉన్నాడని, ఆయన వెనుక ఎవడును ఉండరాదని ఆయన నడక అని, ఆ దూరపు ప్రయాణములో వెనుకబడిన వృద్ధులకు ముందుగా తెలిసియుండును. ముందున్నవారు ఆయనను చూడవలెననిన వెనుకకు తిరిగి చూడవలసినదే. గడియారమును చూచుకొనుచు తొక్కు గుంపులకు, కార్యక్రమముల పట్టికను చూచుకొనుచు నడచు సంఘములకు, ఇది సులభము కాదు. ఉజ్జీవ కూటములు, నూతన మందిరము, శతాబ్ది ఉత్సవము, అన్నియు మంచివే. నిరుడు క్రిస్మసు నాడు మూడవ బల్లమీద కూర్చుండిన కుటుంబము ఈ సంవత్సరము ఎందుకు కనబడలేదో అడుగుటకు నియమింపబడినవాడు ఎవడైన ఉన్నాడా? ఉన్నయెడల, అతడు బలవంతులలోనుండి ఏర్పరచబడినవాడా, లేక ఏ పనికిని రాడని ఆ పనికి పెట్టబడినవాడా?

అనుభవజ్ఞుడైన సైకిలు నాయకుడు కొండమీద చేయునది వేరు. కడపటివాడు మలుపులో కనబడగానే అతడు లేవడు. వెనుకనే స్వీప్ యొక్క దీపము కనబడువరకు ఊరకుండును. ఇద్దరును పైకి వచ్చి, ఆ అలసినవాడు సైకిలును గట్టునకు ఆనించి, కూర్చుండి, నీళ్లు త్రాగి, ఊపిరి తిరిగిన తరువాతనే అతడు గడియారము వైపు చూచును. పది నిమిషములు అని చెప్పును. ఆ పది నిమిషములు అప్పటినుండి ఆరంభమగును.